చట్టంలో వాటా, అడంగలులో ఖాళీ
గ్రామీణ స్త్రీల భూమి హక్కు – మన సంఘాల బాధ్యత

(సమాఖ్య కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం, వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ – ఇవి మన తరగతులలో నిత్యం చర్చకు వచ్చే విషయములు. నేడు నాకు అప్పగించిన విషయం వేరు. గ్రామీణ స్త్రీలకు భూమిపై హక్కు, అందుకు చట్టాలలో జరిగిన సంస్కరణలు, ఇంకా జరుగవలసినవి. రైల్వే, తపాలా ఉద్యోగుల వేదికపై ఈ ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు అడిగినారు. అడుగవలసిన ప్రశ్నయే. దానికి సమాధానంతోనే ప్రారంభిస్తాను.

మనలో అత్యధికులము పల్లెల నుండి వచ్చినవారము. ఖరగ్‌పూరులో పనిచేసినా, బిలాస్‌పూరులో పనిచేసినా, విజయవాడ, సికింద్రాబాదులలో పనిచేసినా, మనకు ఊరిలో ఒక ఎకరమో అరెకరమో ఉన్నది. మనము గాంగులోనో, సార్టింగు ఆఫీసులోనో డ్యూటీలో ఉండగా ఆ పొలాన్ని చూసుకొనేది ఎవరు? తల్లి, భార్య, అన్న భార్య, వితంతువైన అక్క. విత్తనం, నాటు, కలుపు, కోత, పశువులు – అన్నీ వారి చేతుల మీదుగానే సాగుతవి. 2023–24 కార్మిక శక్తి సర్వే ప్రకారం మన దేశంలో పనిచేస్తున్న గ్రామీణ స్త్రీలలో 100కు 76 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు. మరి భూమి ఎవరి చేతిలో ఉన్నది? 2015–16 వ్యవసాయ గణన లెక్కల ప్రకారం దేశంలోని సాగు కమతాలలో స్త్రీల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతం. విస్తీర్ణంలో చూస్తే అది 12 శాతానికి కూడా చేరలేదు. అంటే పనిలో మూడు వంతులు, పట్టాలో పిడికెడు.

రెండవ కారణం. రిజిష్టరులో పేరు లేకపోవటం అంటే ఏమిటో ఈ దేశంలో మనకన్న బాగుగా తెలిసిన కార్మికులు అరుదు. రైలు మార్గాలు వేసిన క్యాజువల్ కార్మికుడు ఏళ్ల తరబడి పని చేసినా అతని పేరు శాశ్వత జాబితాలో ఉండేది కాదు. 1985లో సుప్రీంకోర్టు ప్రాజెక్టు క్యాజువల్ కార్మికుల విషయమై తీర్పు ఇచ్చేవరకు వారి సేవకు లెక్కే లేదు. పల్లె తపాలా మోసిన ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఉద్యోగి సివిల్ పోస్టులో ఉన్నవాడేనని 1977లో అదే న్యాయస్థానం చెప్పవలసి వచ్చినది. పని ఉన్నది, పేరు లేదు. పేరు లేదు కనుక హక్కు లేదు. పొలంలో స్త్రీ స్థితి కూడ సరిగ్గా ఇదే. మస్టరు రోలు కోసం పోరాడిన మనము అడంగలులో లేని పేరును చూసి ఊరకుండటం న్యాయం కాదు.

మూడవ కారణం కొంచెం చేదైనది. చెల్లెళ్ల చేత హక్కు విడుదల దస్తావేజుపై సంతకం పెట్టించుకొనే అన్నదమ్ములలో మన సభ్యులు కూడ ఉన్నారు. దీని గురించి తరువాత చెప్పుతాను. ముందుగా చట్టం నడిచిన దారిని చూద్దాము.

చట్టం నడిచిన దారి

1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చినది. భర్త ఆస్తిలో వితంతువుకు కొంత హక్కు ఇచ్చినది. కాని అది పరిమిత హక్కు. ఆమె బ్రతికినంత కాలం అనుభవించవచ్చును, అమ్ముకొనుటకు సాధారణంగా వీలు లేదు. ఆమె తరువాత ఆ ఆస్తి తిరిగి భర్త వారసులకే చేరేది. అంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. 1935 భారత ప్రభుత్వ చట్టం క్రింద వ్యవసాయ భూమి సంక్రమణం రాష్ట్రాల అధికారంలోనిది. అందుచేత కేంద్రం చేసిన ఈ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పినది. పల్లెలో భూమి తప్ప వేరే ఆస్తి ఏమున్నది? చేతికి ఇచ్చినట్లే ఇచ్చి పిడికిలి మూసినట్లయినది. ఈ లోటు పూడ్చుటకు రాష్ట్రాలు వేరుగా చట్టాలు చేయవలసి వచ్చినది. మద్రాసు రాష్ట్రం 1947లో ఆ పని చేసినది.

స్వాతంత్ర్యానంతరం డాక్టర్ అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లును ముందుకు తెచ్చినారు. కుమార్తెకు ఆస్తిలో వాటా అన్న మాటకే సభలోను బయట ఎంత అలజడి రేగినదో చరిత్ర ఎరుగును. బిల్లు ముందుకు సాగని పరిస్థితిలో 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేసినారు. ఆ రాజీనామాకు చెప్పిన కారణాలలో ఈ బిల్లు ముఖ్యమైనది. స్త్రీ హక్కు కోసం మంత్రి పదవిని వదులుకొన్న ఉదాహరణలు మన చరిత్రలో ఎన్నో లేవు.

ఆ బిల్లు ముక్కలై, అందులో ఒక ముక్క 1956లో హిందూ వారసత్వ చట్టమైనది. దీనిలో మేలు ఉన్నది. 14వ సెక్షను స్త్రీ పరిమిత హక్కును పూర్తి హక్కుగా మార్చినది. తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురు మొదటి తరగతి వారసురాలయినది. అయితే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగవారికే ఉంచబడినది.

దీని ఫలితం అంకెలలో చూడండి. తొమ్మిదెకరాల ఉమ్మడి భూమి. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే గతించినది. తండ్రి వీలునామా లేకుండ మరణించినాడు. పాత లెక్క ప్రకారం తండ్రి మరణానికి ముందు విభాగం జరిగినట్లు భావించాలి. తండ్రికి మూడు, కొడుకులకు చెరి మూడు. తండ్రి మూడెకరాలలో ముగ్గురు పిల్లలకు తలా ఒకటి. మొత్తం మీద కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒక ఎకరం. ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురిలో ఇది సమానత్వమా?

అదే చట్టంలో 4(2) అనే చిన్న ఉపసెక్షను మరొకటి ఉండేది. కమతాల ముక్కలు కాకుండ చేసే చట్టాలు, గరిష్ఠ పరిమితి చట్టాలు, కౌలు హక్కుల సంక్రమణ చట్టాలు – వీటిని వారసత్వ చట్టం ముట్టుకోదని ఆ ఉపసెక్షను చెప్పినది. అందుచేత ఉత్తర ప్రదేశ్ వంటి రాష్ట్రాలలో జమీందారీ రద్దు చట్టం క్రింద భూమి కొడుకులకు, మనుమలకు ముందుగా పోయినది; కూతురు వరుసలో ఎక్కడో వెనుక నిలిచినది. జమీందారుని తొలగించిన ప్రగతిశీల చట్టమే కూతురిని కూడ తొలగించినది. స్త్రీల స్థితిగతులపై నియమించబడిన జాతీయ సంఘం 1974 నివేదికలో ఈ లోపాలను ఎత్తిచూపినది. అయినా ఆ ఉపసెక్షను తొలగుటకు మరి 30 ఏళ్లు పైగా పట్టినది.

ఈ విషయంలో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం దారి చూపినదని గర్వంగా చెప్పుకోవచ్చును. 1986లో చేసిన సవరణ ద్వారా, 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చునట్లు, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చినారు. దీనికి కొంత ముందే కేరళ ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసినది. తరువాత తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఆంధ్ర మార్గాన నడిచినవి. కాని మన సవరణలోను ఒక కొర్రు ఉన్నది. ఆ తేదీకి ముందు పెళ్లయిన కూతురికి ఈ హక్కు వర్తించదు. అక్కకు ఆగస్టులో పెళ్లయితే హక్కు లేదు, చెల్లెలికి అక్టోబరులో అయితే ఉన్నది!

చివరకు 2005లో పార్లమెంటు కేంద్ర చట్టాన్నే సవరించినది. ఆ ఏడు సెప్టెంబరు 9 నుండి దేశమంతటా కూతురు పుట్టుకతోనే సమాన భాగస్థురాలు. పెళ్లయినదా లేదా అన్న భేదం లేదు. 4(2) తొలగినది. నివాస గృహంలో కూతురు విభాగం కోరరాదన్న 23వ సెక్షనూ తొలగినది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా జరిగిన విభాగాలను, అమ్మకాలను మాత్రం కదిలించలేదు. అప్పటికి తండ్రి జీవించి ఉండాలా అన్న ప్రశ్నపై న్యాయస్థానాలలో భిన్నాభిప్రాయాలు వచ్చినవి. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం ఆ సందేహం తీర్చినది. హక్కు పుట్టుకతో వచ్చినది గనుక తండ్రి ఆనాటికి బ్రతికి ఉండటంతో పని లేదు. ఇప్పుడు మన తొమ్మిదెకరాల లెక్క మూడు, మూడు, మూడు.

1937 నుండి 2020 వరకు – 83 ఏళ్లు. ఒక్క కూతురి వాటా ఒకటి నుండి మూడెకరాలకు చేరుటకు పట్టిన కాలమిది.

పంపిణీ అయిన భూమి ఎవరి పేర పోయినది?

వారసత్వం భూమి ఉన్న కుటుంబాల సంగతి. భూమి లేని పేదలకు ప్రభుత్వం పంచిన భూమి సంగతి కూడ ఆలోచించాలి. తెలంగాణా సాయుధ పోరాటంలో స్త్రీలు ఎంతటి పాత్ర నిర్వహించినారో "మనకు తెలియని మన చరిత్ర" అన్న గ్రంథం వారి నోటనే చెప్పించినది. కాని ఆ తరువాత దేశంలో జరిగిన భూపంపిణీలలో దాదాపు అంతటా పట్టా కుటుంబ యజమాని పేర, అనగా పురుషుని పేరనే పోయినది. పశ్చిమ బెంగాలులో 1978లో ప్రారంభమైన ఆపరేషన్ బర్గా కౌలుదారులకు గొప్ప రక్షణ ఇచ్చినది. నమోదైన పేర్లలో అత్యధికం మగవారివే. గరిష్ఠ పరిమితి చట్టాలలో చాలా చోట్ల మేజరైన కొడుకు ఉంటే కుటుంబం అదనపు భూమి ఉంచుకొనవచ్చును. మేజరైన కూతురికి ఆ లెక్క లేదు. ఉత్తర ప్రదేశ్ చట్టంలోని ఇటువంటి భేదాన్ని 1980లో సుప్రీంకోర్టు కూడ కొట్టివేయలేదు.

దీనికి భిన్నంగా నడిచిన ఒక పోరాటం గురించి కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి. బీహారులోని బోధ్‌గయలో ఒక మఠం చేతిలో వేలాది ఎకరాలు ఉండేవి. 1978 నుండి ఛాత్ర యువ సంఘర్ష వాహిని నాయకత్వాన భూమి లేని దళిత కూలీలు అక్కడ పోరాడినారు. స్త్రీలు ముందు వరుసలో లాఠీలు తిన్నారు, జైళ్లకు వెళ్లినారు. పంపకం వేళ వచ్చేసరికి పట్టా మగవారికే అన్నారు. అప్పుడు స్త్రీలు అడ్డు నిలిచినారు. ఏమీ లేనప్పుడే మగవాడు చేయి చేసుకొంటున్నాడు, రేపు భూమి కూడ అతనిదే అయితే మా బ్రతుకేమిటని ప్రశ్నించినారు. ఊరి సభలలో పురుషులతో వాదించి ఒప్పించినారు. స్త్రీల పేర ఇచ్చే ఆనవాయితీ లేదని అధికారులు మొరాయించినారు. అయినా 1980ల తొలి సంవత్సరాలలో కొన్ని గ్రామాలలో స్త్రీల పేరనే భూమి దక్కినది. సంఘం లోపల గెలిచిన తరువాతనే వారు కచేరీ ముందు గెలిచినారన్న సంగతి మనము గుర్తు పెట్టుకోవాలి.

ఆరవ పంచవర్ష ప్రణాళిక భార్యాభర్తల ఉమ్మడి పట్టాను విధానంగా చెప్పినది. 2006 అటవీ హక్కుల చట్టం దానిని శాసనంగా చేసినది: వివాహితులకు ఇచ్చే హక్కు పత్రంపై ఇద్దరి పేర్లు ఉండాలి. తెలంగాణా ప్రభుత్వం 2014లో ప్రారంభించిన దళిత భూపంపిణీలో స్త్రీల పేర పట్టాలిచ్చినారు. ఇవి మంచి అడుగులే. ప్రభుత్వం తలచుకొంటే పేరు రాయటానికి సిరా కొరత లేదని ఇవి రుజువు చేస్తున్నవి.

కాగితం దగ్గర ఆగిన హక్కు

మిత్రులారా, చట్టం మారినది గనుక సమస్య తీరినదని అనుకొంటే పొరపాటు. తండ్రి పోయిన తరువాత ఏమి జరుగుతున్నదో చూడండి. పదకొండవ రోజు కర్మ ముగుస్తుంది. కొడుకులు తహశీల్దారు కచేరీకి వెళ్లి వారసత్వ మార్పుకు – తెలంగాణాలో ఫౌతీ, విరాసత్ అంటారు – దరఖాస్తు పెట్టుతారు. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రంలో కూతురి పేరు ఉంటే ఆమె సంతకం కావాలి. అందుచేత ఒక్కొక్కచోట ఆ పత్రంలోనే ఆమె పేరు మాయమవుతుంది. లేదా పండుగకు వచ్చిన ఆడపడుచుకు చీర, సారె పెట్టి, హక్కు విడుదల దస్తావేజుపై సంతకం తీసుకొంటారు. ఆ సంతకం విలువ ఎంతో ఆమెకు ఎవరూ చెప్పరు. పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకొంటుందని మాత్రం చెప్పకనే చెప్పుతారు.

ఇక్కడ ఆమె ఎదుట ఉన్నది కఠినమైన లెక్క. ఒకవైపు ఒకటో రెండో ఎకరాలు. మరొకవైపు భర్త కొట్టినా, అత్తవారు వెళ్లగొట్టినా వచ్చి తలదాచుకొనేందుకు ఉన్న ఒకే ఒక ఇల్లు. ఆమె పుట్టింటిని ఎంచుకొంటుంది, భూమిని వదలుకొంటుంది. దానిని మనము అన్నాచెల్లెళ్ల అనురాగం అని పిలుస్తున్నాము. నిజానికి అది బేరం చేసుకొనే శక్తి లేనివారు చేసే ఒప్పందం. యాజమాన్యం రాసిన కాగితంపై విడి కార్మికుడు పెట్టే సంతకానికి, దీనికి తేడా ఏమిటి? అటువంటి ఒప్పందాలను మన సంఘాలు ఏనాడైనా స్వచ్ఛంద అంగీకారమని ఒప్పుకొన్నవా?

ఇక పసుపు కుంకుమల భూమి సంగతి. పెళ్లినాడు పదిమందిలో కూతురికి అరెకరం ఇచ్చినామని తండ్రి ప్రకటిస్తాడు. దస్తావేజు ఉండదు. పట్టా మారదు. తండ్రి ఉన్నంత కాలం గింజలు పంపుతాడు. అతని తరువాత అన్నదమ్ములు ఆ మాట మరచిపోతారు. నోటి మాటను నిరూపించుటకు ఆమె కోర్టుల చుట్టూ తిరగవలసిందే.

అడంగలులో పేరు లేకపోతే నష్టం భూమితో ఆగదు. బ్యాంకు పంట రుణం ఇవ్వదు. 2019 నుండి ఇస్తున్న కేంద్ర కిసాన్ సమ్మాన్ సహాయం భూమి రికార్డును బట్టి వస్తుంది. తెలంగాణాలో 2018లో మొదలైన రైతుబంధు కూడ పట్టాదారునికే అందినది. అప్పుల పాలై రైతు ఆత్మహత్య చేసుకొన్న ఇంట భార్యకు మిగిలేది అప్పు, పేరు మారని పొలం. రైతుగా గుర్తింపు ఇవ్వమని కోరుతూ డాక్టర్ ఎం.ఎస్.స్వామినాథన్ రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల బిల్లును ప్రవేశపెట్టినారు. అది 2013లో చర్చకు నోచుకోకుండానే కాలం చెల్లినది.

భూమి ఉన్న స్త్రీకి, లేని స్త్రీకి తేడా ఆదాయంలోనే కాదు, వీపు మీద కూడ కనపడుతుంది. బీనా అగర్వాల్, ప్రదీప్ పండా అను పరిశోధకులు కేరళలో చేసి 2005లో ప్రకటించిన అధ్యయనంలో ఆస్తి లేని భార్యలలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలకు గురైనవారే. భూమి మాత్రం ఉన్నవారిలో అది 18 శాతం. ఇల్లు మాత్రం ఉన్నవారిలో 10 శాతం. రెండూ ఉన్నవారిలో 7 శాతం. వెళ్లిపోవుటకు తన చోటు ఒకటున్నదని తెలిసినప్పుడు ఎత్తిన చేయి ఆగుతున్నది.

ఈ సంగతి రైల్వే కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. 1974 మే 8న ప్రారంభమై 27న విరమించిన సమ్మెలో క్వార్టర్ల నుండి కుటుంబాలను సామానుతో సహా వీధికి ఈడ్చినారు. ఇల్లు మరొకరి దయపై నిలిచినప్పుడు భయం ఎట్లా ఉంటుందో ఆనాటి తల్లులు చూచినారు. పల్లె స్త్రీ జీవితమంతా అటువంటి క్వార్టరులోనే గడుపుతున్నది. పెళ్లికి ముందు తండ్రిది, తరువాత భర్తది, ఆపైన కొడుకుది.

వినిపించే అభ్యంతరాలు

కూతురికి కట్నం ఇచ్చినాము గదా అంటారు. 1961 చట్టం ప్రకారం కట్నం ఇచ్చుట, పుచ్చుకొనుట రెండూ నేరములు. నేరాన్ని చూపి హక్కును కొట్టివేయలేము. అదీగాక కట్నం ఎవరి చేతికి పోయినది? అత్తవారి అప్పులకు, ఆడబిడ్డ పెళ్లికి పోయినది. ఆమె పేర బ్యాంకులో ఎంత ఉన్నదో అడిగి చూడండి.

భూమి ముక్కలవుతుందంటారు. నలుగురు కొడుకులు పంచుకొన్నప్పుడు అవని ముక్కలు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు పంచుకొంటే ఎట్లా అవుతవి? పైగా హక్కు పంచుకొన్నంత మాత్రాన గట్టు వేయనక్కరలేదు. ఉమ్మడి సాగు చేయవచ్చును, కౌలు పంచుకొనవచ్చును.

వేరే ఊరికి వెళ్లిన కూతురు పొలం ఎట్లా చేస్తుందంటారు. ఈ ప్రశ్న వేసే మనము ఎక్కడ ఉన్నాము? ఊరికి వందల మైళ్ల దూరాన ఉద్యోగం చేస్తూ మన వాటాను ఏనాడూ వదులుకొనలేదు. ఊరు విడిచిన అన్నకు పోని హక్కు, ఊరు విడిచిన చెల్లెలికి మాత్రం ఎందుకు పోవాలి?

మిగిలిన చట్ట సంస్కరణలు

మొదటిది ఆదివాసీ స్త్రీల సమస్య. 1956 చట్టం 2(2) సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కూతురికి వాటా లేని ఆచారమే అనేక చోట్ల చట్టంగా నిలిచినది. ఛోటానాగపూర్ కౌలు చట్టంపై 1996లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు స్త్రీల జీవనాధారాన్ని కాపాడినదే గాని ఆ నిబంధనలను కొట్టివేయలేదు. 2022 డిసెంబరులో అదే కోర్టు ఈ విషయమై చట్ట సవరణ ఆలోచించమని కేంద్రాన్ని కోరినది. ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల పాలు కాకుండ ఉన్న రక్షణను చెక్కుచెదరనీయక, ఆ కుటుంబాలలోని కూతుళ్లకు సమాన వాటా ఇచ్చుట సాధ్యమే. ఆదివాసీ సంఘాలతో, ముఖ్యంగా అక్కడి స్త్రీలతో చర్చించి ఆ శాసనం రావాలి.

రెండవది ముస్లిం స్త్రీల సమస్య. 1937 షరియత్ చట్టం నుండి వ్యవసాయ భూమిని మినహాయించినారు. ఆ మినహాయింపును మద్రాసు రాష్ట్రం 1949లో తొలగించినది. ఇటువంటి సవరణ చేయని రాష్ట్రాలలో స్త్రీ తన మతధర్మం ఇచ్చిన వాటాను కూడ పొలం దగ్గర కోల్పోతున్నది.

మూడవది 15వ సెక్షను. పిల్లలు, భర్త లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండ మరణిస్తే ఆమె స్వార్జితం ఆమె తల్లిదండ్రులకన్న ముందు భర్త వారసులకు పోతుంది. పెళ్లయిన కొద్ది నెలలకే వితంతువై, అత్తవారు వెళ్లగొట్టగా చదువుకొని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ కూడబెట్టిన సొమ్ము, ప్రావిడెంటు ఫండుతో సహా, ఆ అత్తవారి వైపువారికే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. మన మహిళా సభ్యులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. ఈ సెక్షను మారేవరకు వీలునామా రాసుకొనుటయే దారి.

నాలుగవది వీలునామా. చట్టం ఇచ్చిన వాటాను ఒక్క కాగితంతో తండ్రి తన భాగం మేరకు కొడుకులకే రాసివేయవచ్చును. కొంత భాగాన్ని వీలునామాకు అందకుండ ఉంచాలన్న సూచన పాతదే. దానిపై నిర్ణయం కావాలి.

పొరుగు దేశాలను చూచినా నేర్చుకొనవలసినది ఉన్నది. నేపాల్ 2015 రాజ్యాంగంలోనే పిత్రార్జితంలో లింగభేదం లేని సమాన హక్కును చేర్చినది. స్త్రీ పేర భూమి రిజిష్టరు చేస్తే రుసుములో తగ్గింపు ఇచ్చినది. పాకిస్తాన్ 2011లో స్త్రీని వారసత్వం నుండి మోసంతో తప్పించుటను జైలు శిక్షకు అర్హమైన నేరంగా చేసినది. బంగ్లాదేశ్‌లో హిందూ వితంతువుకు భర్త వ్యవసాయ భూమిలో కూడ హక్కు ఉన్నదని అక్కడి హైకోర్టు 2020లో చెప్పినది. మనకు 1941లో ఎదురైన చిక్కు ముడి వారికి అప్పటికి విడినది.

మనము చేయవలసినది

తీర్మానాలు చేసి చప్పట్లు కొట్టి పోవటానికి మనము ఇక్కడికి రాలేదు. మన చేతిలో ఉన్న పనులు ఇవి.

1. మన సభ్యుడెవరూ తోబుట్టువు చేత ప్రతిఫలం లేని హక్కు విడుదల పత్రం రాయించుకొనరాదు. ప్రతి బ్రాంచి సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టాలి. ఆమె నిజంగా ఇవ్వదలచితే వాటా ఆమె పేర మారిన తరువాత, లెక్క తెలిసి ఇచ్చుకొంటుంది.

2. వారసత్వ మార్పుకు పెట్టే కుటుంబ సభ్యుల పత్రంలో కూతుళ్లందరి పేర్లు ఉండాలి. పెళ్లయిన కూతురు కుటుంబ సభ్యురాలు కాదన్న మాటను కచేరీలో ఒప్పుకొనరాదు.

3. రుణం తీసుకొని భూమి, ఇంటిస్థలం కొనే సభ్యులు భార్య పేరును కూడ దస్తావేజులో చేర్చాలి. నామినేషను వేరు, వారసత్వం వేరు అన్న సంగతిని మన శిక్షణా తరగతులలో పాఠంగా చెప్పాలి. నామినీ సొమ్ము తీసుకొనే వ్యక్తి మాత్రమే. ఆ సొమ్ము వారసులది.

4. తపాలా సోదరులకు ఒక మాట. కోర్టు నుండి, కచేరీ నుండి స్త్రీ పేర వచ్చిన నోటీసు ఆమె చేతికే అందాలి. ఇంటి అరుగుపై కూర్చున్న అన్నగారి చేతిలో పెట్టి రావద్దు. గడువు దాటిన నోటీసు ఎన్ని ఎకరాలను మింగినదో లెక్క లేదు. నియమం మన వైపే ఉన్నది. అలవాటు మార్చుకుంటే చాలును.

5. రైల్వే ఇంజనీరింగు శాఖ సోదరులకు మరొక మాట. కొత్త మార్గాలకు, డబ్లింగుకు భూమి సేకరించునప్పుడు పరిహారం రికార్డులోని పేరుకే పోతుంది. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం విడిచిన స్త్రీలను వేరు కుటుంబాలుగా లెక్కించమన్నది. సర్వే జరిగే గ్రామాలలో ఈ సంగతి ప్రచారం చేయుటలో స్థానిక శాఖలు వ్యవసాయ కార్మిక సంఘాలతో కలిసి పనిచేయాలి.

6. ప్రభుత్వం పంచే ప్రతి సెంటు భూమిపై స్త్రీ పేర లేదా ఉమ్మడి పేర పట్టా ఇవ్వాలని, వారసత్వ మార్పును ఆమెకు తెలియజేయకుండ చేయరాదని, పైన చెప్పిన నాలుగు సవరణలు తేవాలని సమాఖ్య కేంద్రానికి, రాష్ట్రాలకు విజ్ఞాపనలు పంపాలి.

సోదరులారా, మన సంఘాలు పుట్టినప్పుడు కూడ చట్టం మన వైపు లేదు. చట్టాలు వచ్చిన తరువాత కూడ వాటిని అమలు జరిపించుటకు డివిజను ఆఫీసు మెట్లు ఎక్కినది, ఫైళ్లు కదిలించినది మనమే. హక్కు పుస్తకంలో అచ్చయిననాటికి సగం పనియే పూర్తి అవుతుందని మనకు అనుభవపూర్వకంగా తెలుసు. మిగిలిన సగం, ఈ విషయంలో, మన ఇళ్లలోనే ఉన్నది. ఈసారి సెలవుపై ఊరికి వెళ్లినప్పుడు అడంగలు నకలు తీయించండి. అందులో మీ తల్లి పేరు, మీ తోబుట్టువు పేరు ఉన్నదా చూడండి. లేకపోతే చేర్పించుటకు దరఖాస్తు మీ చేతితో రాయండి. ఎన్ని దరఖాస్తులు పడినవో వచ్చే సమావేశంలో ప్రతి బ్రాంచి కార్యదర్శి లెక్క చెప్పాలని నా మనవి.



కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!